చీమ కుట్టినట్టు ఉంటుందన్న మాట

మా నాయనను తలమీద గడ్డ తీయించడానికి పుత్తూరు తీసుకెళ్లిన రోజు నేనొక సంగతి దాచాను. అంతకు కొన్నేళ్ల ముందే నా వీపు మీద అలాంటి గడ్డే ఒకటి తీశారు. మత్తు సూది వేసేటప్పుడు నేను అరిచిన అరుపుకు, బయట వరుసలో కూర్చున్న ఒకామె తన బిడ్డను చంకనేసుకుని ఇంటికి వెళ్లిపోయింది. ఇది అప్పటికి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ రోజే చెప్పి ఉంటే తరవాత జరిగిన గోల ఏదీ జరిగేది కాదు. చెప్పలేదు కాబట్టి మా బంధువుల్లో తిరుగుతూ వచ్చిన కథలో మా నాయన పిరికివాడు, నేను ధైర్యవంతుణ్ని. ఆ కథ తప్పు. దాన్ని సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

ముందు నా గడ్డ సంగతి. వీపున, రెక్క ఎముక పక్కన చింతగింజంత మొదలై నిమ్మకాయంత అయింది. వడమాలపేటలో నాకు మోటార్లు, పైపులు అమ్మే అంగడి ఉంది. రోజంతా కుర్చీలో పని. వెనక్కి ఆనుకుంటే చాలు, ఒత్తుకునేది. తిరుపతిలో అలిపిరికి పోయే దారిలో చర్మం డాక్టరమ్మ ఒకామె ఉందని విని, ఎవరినీ వెంటబెట్టుకోకుండా బండి మీద వెళ్లాను. చూసి, ఇది ప్రమాదం లేని తిత్తి, చుట్టూ మత్తిచ్చి తీసేస్తానంది. బోర్లా పడుకున్నాను.

సూది గుచ్చుకోవడం పెద్ద బాధ కాదు. ఆ మందు లోపలికి పోయేటప్పుడు పుట్టిన మంట ఉంది చూశారూ, అది నేను ఊహించనిది. మిరపకాయ నూరి చర్మం కింద దోపినట్టయింది. అరిచాను. బల్ల మీంచి సగం లేచాను కూడా. నర్సు చేతిలో ట్రే కింద పడింది.

డాక్టరమ్మ సూది తీసేసి, "పడుకోండి. నాదే తొందర. ఇంకోలా చేద్దాం" అంది. తరవాత ఆమె చేసిన పనులు నాకు బాగా గుర్తున్నాయి. గుడ్డలో ఐసు చుట్టి గడ్డ చుట్టూ పెట్టించింది. మందు సీసాను చేతిలో పట్టుకుని వెచ్చబరిచింది. అందులో ఏదో సోడా మందు కొంచెం కలిపింది. సన్నటి సూది మార్చింది. నా అంగడి గురించి అడుగుతూ, పక్కన చర్మాన్ని వేళ్లతో తడుతూ, మందును చాలా నిదానంగా ఎక్కించింది. ఆ తరవాతి పోట్లు మొద్దుబారిన చోటే వేసుకుంటూ పోయింది. గడ్డ ఎప్పుడు బయటికొచ్చిందో నాకు తెలియలేదు.

ఇంటికి రాగానే నా భార్య అడిగింది, "నొప్పి పెట్టిందా?" అని.

"ఏముండాది? చీమ కుట్టినట్టు" అన్నాను.

ఈ మాట ఎవడు కనిపెట్టాడో గాని వాడు దొరికితే బాగుండు. టీకా వేయించడానికి బిడ్డను తీసుకెళ్లే తల్లి అదే అంటుంది. పన్ను పీకించుకుని చెంప ఉబ్బించుకుని వచ్చినవాడూ అదే అంటాడు. కళ్లలో నీళ్లు కారుతూ ఉంటాయి, నోరు మాత్రం చీమ గురించి మాట్లాడుతుంది. నేనూ అన్నాను. అని ఊరుకోలేదు, అంగడికొచ్చిన ప్రతివాడికీ చొక్కా పైకెత్తి కుట్లు చూపించి మరీ అన్నాను.

ఇక మా నాయన. ఏటా మామిడికాయల కోత అయిపోగానే అలిపిరి నుంచి నడిచి కొండెక్కి గుండు గీయించుకోవడం ఆయన మొక్కు. మోకాళ్లు మొరాయించాక బస్సులో పోతున్నాడు గాని గుండు మాత్రం మానలేదు. ఆయన నడినెత్తిన గడ్డ ఒకటి ఎప్పట్నుంచో ఉంది. క్షురకుడి ముందు కూర్చోగానే, "సూసి గొరగప్పా, ఈడ గడ్డ ఉండాది" అని చెయ్యి పెట్టి చూపించడం ఆయనకు అలవాటు. వాళ్లూ దాని చుట్టూ కత్తి తిప్పి వదిలేసేవాళ్లు. రాగి నాణెమంత చోట వెంట్రుకలు మిగిలేవి. "సామి నాకు కొంచెం తిరిగిచ్చినాడు" అని నవ్వేవాడు.

ఒక ఏడాది కత్తి దానికి తగిలింది. రక్తం ఆగింది గాని గడ్డ ఎర్రబడి రసి కారడం మొదలుపెట్టింది. దిండు గలీబుకు మరకలు. వాసన. ఇక బంధువులు దిగారు. మా ఇంట్లో ఒకరికి జ్వరమొస్తే పదిమంది వైద్యులవుతారు. అందరికంటే ముందు మా బావ, అంటే మా అక్క మొగుడు. ఆయనది పుత్తూరు.

"మామా, డాక్టర్లెందుకు? మా ఊర్లో కట్టు కట్టిస్తే సరి" అన్నాడు.

"అది ఎముకలకు కట్టే కట్టు బావా" అన్నాను.

"గట్టిగా ఉండాది గదప్పా, ఎముక మాదిరే!"

"నెత్తికి బద్దలు పెట్టి కడతారా?"

"నీకన్నీ ఎగతాళే. ఆకుపసరు ఎట్లాంటి గడ్డనైనా లాగేస్తాది."

ఈ వాదన వారం నడిచింది. చివరికి నేనే తీయించడానికి తీసుకెళ్తానన్నాను. ఎవరి దగ్గరికి? నాకు తీసిన డాక్టరమ్మ తిరుపతిలోనే ఉంది. మా ఊరి నుంచి తిరుపతికైనా పుత్తూరుకైనా కారులో పెద్ద తేడా లేదు. కాని ఆమె నన్ను చూడగానే గుర్తుపడుతుంది. "ఆ రోజు అరిచారే, మీరే కదా?" అంటుంది. మా నాయన ముందు, నా భార్య ముందు. అంతే, అదొక్కటే కారణం. పుత్తూరులో ఒక చిన్న నర్సింగ్ హోమ్ ఉంది, అక్కడికి పోదామన్నాను. దగ్గర అని చెప్పాను.

కారులో మా నాయన నా పక్కన, నా భార్య వెనక కూర్చున్నారు. పుత్తూరు పొలిమేరలో మా నాయన అడిగాడు.

"నొప్పి ఉంటాదేమిరా?"

ఆయన నన్ను అలాంటి ప్రశ్న అడగడం నేనెరగను. పాము తిరిగే తోటలో రాత్రిళ్లు నీళ్లు పెట్టిన మనిషి. నిజం చెప్పడానికి అంతకంటే మంచి అదను ఉండదు. మందు మండుతుంది నాయనా, నేను అరిచినాను, అయినా నిదానంగా వేస్తే తట్టుకోవచ్చు, నిదానంగా వెయ్యమని అడుగుదాం. ఇంత చెబితే సరిపోయేది.

"చీమ కుట్టినట్టుంటాది, అంతే" అన్నాను.

అక్కడి డాక్టరు చెడ్డవాడు కాదు. జనం ఎక్కువ, ఆయన ఒక్కడు. ఫ్రిజ్‌లోంచి సీసా తీశాడు, సిరంజిలోకి లాగాడు, రసి కారుతున్న ఆ గడ్డ అంచున గుచ్చి ఒక్కసారిగా తోశాడు. నేను కాళ్ల వైపు నిలబడి ఉన్నాను. నాకన్నీ తెలుసు. సీసా చల్లగా ఉందని, తొందరపడుతున్నాడని నాకు కనిపిస్తూనే ఉంది. కొంచెం మెల్లగా వేయండి సార్ అని ఒక్క మాట అనడానికి నోరు రాలేదు. అలా అంటే, నీకెలా తెలుసు అంటారని.

"అమ్మా!" అని అరిచాడు మా నాయన. చిన్నప్పుడే పోయిన వాళ్లమ్మను పిలిచాడు. రెండో పోటుకు డాక్టరు చెయ్యి పట్టుకున్నాడు.

అప్పుడు నేనన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తాను. "గమ్మునుండు నాయనా! చిన్నబిడ్డ మాదిరి ఏంది ఇది? నేను చేయించుకోలేదా? నోరు తెరిచినానా?"

ఆయన నా వైపు చూశాడు. బల్ల దిగాడు. తువ్వాలు నెత్తికి చుట్టుకుని, చెప్పులు వేసుకుని, బయట కూర్చున్న నా భార్యను కూడా పలకరించకుండా వెళ్లి కారులో కూర్చున్నాడు. డాక్టరు కూడా, చీము ఉన్న చోట మత్తు సరిగ్గా పట్టదు, మాత్రలు వాడి తరవాత రండి అన్నాడు. ఆ మాట నేనింట్లో చెప్పలేదు. చెబితే తప్పు ఆయనది కాకుండా పోతుంది కదా!

దారిలో మా నాయన ఒక్కటే అడిగాడు. "ఏ చీమరా అది?"

నేను కారు గేరు మార్చాను.

"మామిడి చెట్టెక్కితే ఎర్రచీమలు ఒళ్లంతా పట్టుకుంటాయి. గండుచీమ కరిస్తే రక్తం వస్తాది. నాకు తెలిసిన చీమ యాదీ ఇట్లా కుట్టదు."

ఇంతటితో ఆగినా బాగుండేది. నేను ఆపలేదు. మా అక్క వాళ్ల ఇంట్లో శ్రీమంతానికి అందరూ కలిసినప్పుడు బావ అడిగాడు, గడ్డ ఏమైందని. నేను కథ చెప్పాను. చెయ్యెత్తి, కళ్లు తేలేసి, "అమ్మా!" అని అరిచి చూపించాను. భోజనాల దగ్గర నవ్వులే నవ్వులు. మా బావ అంతకంటే ముందుకు పోయాడు.

"మామా, ఆ ఆకు కింద సూసుకో, చీమ ఉండాది!"

మా నాయన ఆకు మడిచి లేచాడు. పాయసం ముట్టుకోలేదు. ఆ రోజు నుంచి బావ ఎదురైతే చాలు, "చీమలు బాగుండాయా మామా?" అనేవాడు. ఎన్నిసార్లు విన్నా ఆయనకు విసుగు రాదు. నాకే వచ్చేది. కాని ఆపమనే హక్కు నాకెక్కడిది? కథ ఇచ్చినవాణ్ని నేనే.

ఆ ఏడు మామిడికాయల కోత అయింది. మా నాయన కొండకు పోతానన్న మాట ఎత్తలేదు. మోకాలు నొప్పి అన్నాడు. మధ్యలో కత్తిరించుకోవడం కూడా మానేశాడు, జుట్టు పెరిగింది. మా నాయన నెత్తిన తెల్లజుట్టు చెవుల మీదికి రావడం నేను పుట్టాక అదే మొదటిసారి చూడటం. రసి ఆగేది, మళ్లీ పట్టుకునేది. జుట్టు అందులో అంటుకుపోయి కట్టలు కట్టేది. డాక్టరు దగ్గరికి పోదామంటే రానంటాడు. బతిమాలాను, కసిరాను, అన్నం తినకుండా కూర్చున్నాను. దేనికీ చలించలేదు.

"రోజుకొకసారి అడిగి ఆయన్ని సంపకండి. ఆయన కొండకెందుకు పోలేదో మీకు తెలవదా?" అంది నా భార్య.

"మోకాలంటాడు."

"మోకాలంట! కత్తి పెడితే గడ్డ పగలతాది. గడ్డ తీపిద్దామంటే సూది. సూదికి భయపడినోడని ఊరంతా చీమలు జేసి పెట్టినారు మీరూ, మీ బావా. మొక్కు తీరలేదని పొద్దన్నే సామి పటం ముందర నిలబడి లెంపలేసుకుంటా ఉండాడు. మీకు కనపడలా?"

కనపడలేదు. పొద్దున నేను అంగడి తాళాలు వెతుక్కుంటూ ఉంటాను.

ఆ మరుసటి రోజు తిరుపతి వెళ్లాను. డాక్టరమ్మ నన్ను గుర్తుపట్టింది. నేను భయపడినట్టు నవ్వలేదు, "వీపు బాగుందా?" అంది. నాయన సంగతంతా చెప్పాను. అంతా అంటే, నా అబద్ధం తప్ప.

"ముందే ఇక్కడికి తీసుకురావాల్సింది" అంది.

"దూరమని..." అన్నాను. బుద్ధి చూడండి. అప్పటికీ రాలేదు.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. ఆ మత్తు మందులో పులుపు గుణం ఉంటుంది, మంట దాని వల్లే. సోడా మందు కలిపితే తగ్గుతుంది. చల్లటి మందు ఇంకా బాధపెడుతుంది. నెత్తిన చర్మం బిగువుగా ఉంటుంది, లోపల చోటుండదు, గబుక్కున తోస్తే చీలుతున్నట్టు ఉంటుంది. చీము పట్టిన చోటైతే చెప్పనక్కర్లేదు. "మీ నాన్నగారు అరిచింది భయంతో కాదు. అది నిజంగా నొప్పే" అంది. ముందు మాత్రలు రాసింది. ఎండిపోయాక తీసుకురమ్మంది. లేస్తూ ఉంటే ఇంకో మాట అంది. "నొప్పి లేదని మాత్రం చెప్పకండి. మొదటి సూది చురుక్కుమంటుందని, ఆపమంటే ఆపుతామని చెప్పండి. మోసం చేశారనుకుంటే తరవాత చిన్న నొప్పి కూడా పెద్దదవుతుంది."

మాత్రలు నా భార్య చేత ఇప్పించాను. గడ్డ ఎండింది. డాక్టరమ్మ ఒకసారి చూస్తుందట, సూది వేసేదీ లేనిదీ మీ ఇష్టం అని నా భార్యే మామను ఒప్పించింది. నేనడిగితే వచ్చేవాడు కాదు.

గదిలోకి పోయి బల్ల మీద కూర్చోగానే మా నాయన చేతులు జోడించాడు. "అమ్మా, ముందే సెప్తా ఉండాను. నేను పిరికోణ్ని. మా వాడి మాదిరి గాదు. వాడు నోరు తెరవలా."

డాక్టరమ్మ నన్ను చూడలేదు. సిరంజి వైపు చూస్తూ ఉండిపోయింది. నర్సు మాత్రం నన్నే చూసింది. ఆ రోజు కిందపడిన ట్రే ఆమెదే. ఇద్దరూ ఒక్క మాటా అనలేదు. అని ఉంటే నాకు సులువుగా ఉండేది.

"నాయనా, నేనూ అరిచినాను. ఈ బల్ల మీదే. నీకంటే గట్టిగా" అన్నాను.

ఆయన డాక్టరమ్మ వైపు తిరిగి, "నిజమా తల్లీ?" అన్నాడు.

"ఆయన చెబుతున్నారు కదా" అందామె.

"సరే, కానీ" అని పడుకున్నాడు.

ఐసు పెట్టారు. మందు వెచ్చబరిచారు. చెయ్యెత్తితే ఆపేస్తానని ఆమె ముందే చెప్పింది. మొదటి పోటుకు మా నాయన పళ్ల సందున గాలి పీల్చుకుని, "సురుక్కుమనింది" అన్నాడు. ఆమె ఆగింది. "ఊ, పర్లేదు" అన్నాక నిదానంగా ఎక్కించింది. నొప్పి బొత్తిగా లేదని నేనిక్కడ రాయను. ఇంకోసారి చెయ్యెత్తాడు, ఇంకోసారి ఆమె ఆగింది. ఆ తరవాత మామిడి పూతకు తేనెమంచు పురుగు పట్టిందని, ఏ మందు కొట్టినా పోవడం లేదని మొదలుపెట్టి, గడ్డ బయటికొచ్చి కుట్లు పడేదాకా ఆపలేదు.

బయటికొచ్చి కారెక్కాం. ఇల్లు చేరబోతుండగా నేనే అన్నాను, "తప్పయింది నాయనా" అని.

"ఆ మాట ఆయమ్మ ముందర సెప్తే ఏం లాభం? ఆయమ్మ నన్ను సూసి నగిందా? నగినోళ్ల ముందర సెప్పు" అన్నాడు. దిగి లోపలికి పోయాడు.

మరుసటి ఏడు కోత కాగానే కొండకు బయలుదేరాం. బావను నేనే పిలిచాను. అక్క, నా భార్య కూడా వచ్చారు. గుండ్లు గీసే హాలులో మా నాయన, నేను, బావ పక్కపక్కనే కూర్చున్నాం. వెనక గోడవారగా ఆడవాళ్లు తువ్వాళ్లు పట్టుకుని నిలబడ్డారు. మా నాయన తలమీద నీళ్లు చల్లుకుని, అలవాటు కొద్దీ నడినెత్తిన చెయ్యి పెట్టి, అక్కడేమీ తగలక తీసేశాడు.

మా బావ ఊరుకుంటాడా? క్షురకుడితో, "సూసి గొరగప్పా, మా మామ నెత్తిన చీమలుండాయి!" అన్నాడు. పక్క వరుసలో ఎవరో నవ్వారు. మా నాయన తల వంచాడు, గొరిగించుకోవడానికో ఇంకెందుకో తెలియదు.

నాకప్పటికి సగం గుండు అయింది. ఒకవైపు జుట్టు, ఒకవైపు నున్నగా, మెడ మీద నీళ్లు. ఇల్లు చేరాక చెబుదాం, భోజనాల దగ్గర చెబుదాం అని దారంతా వాయిదా వేసుకుంటూ వచ్చిన మాట అప్పుడే వచ్చేసింది. ఒక్కసారిగా బావ వైపు తిరిగాను.

"తల కదపాకండి సామీ, కత్తి" అన్నాడు నా క్షురకుడు.

"బావా, ఆ చీమ నాది. నాకు సూదేసినప్పుడు నేను అరిచిన అరుపుకు బయట జనం లేసి పోయినారు. ఇంటికొచ్చి చీమ అని అబద్ధం చెప్పినాను. పుత్తూరులో ఆ రోజు నాయన నొప్పి నిజం నొప్పి. అది నాకు తెలుసు. తెలిసే నగినాను. ఇంక ఆ మాట అనాలంటే నన్నను."

వెనక మా అక్క, "ఓరి నీ..." అని మధ్యలో ఆపేసింది. మా నాయన తల ఎత్తలేదు గాని కత్తి పట్టుకున్న మనిషి చెయ్యి మీద తట్టి ఆపాడు. వింటున్నాడు.

"నాయనా," అన్నాను, "నా అరుపు దాచుకునేదానికి నిన్ను ఆ డాక్టరమ్మ కాడికి తీసకపోలా. నువ్వడిగితే నిజం చెప్పలా. పైన నిన్నే నలుగురిలో పిరికోణ్ని చేసినాను. నువ్వు పిరికోడివి గావు. తప్పు నాది. నన్ను క్షమించు నాయనా."